జ్వరం కాదు

స్టేషన్ వెయిటింగ్ హాల్లో చిరిగిపోయిన బెంచీలకు కొత్త రెక్సిన్ వేసే పని పిన్నికి దొరికింది. సోఫాలూ కుర్చీలూ కుట్టే దుకాణం ఆమెది. నిజానికి ఆమె పిన్ని అయింది ఒక్క పిల్లకే. ఆ పిల్ల చిన్నప్పుడు దుకాణం గుమ్మంలో కూర్చుని రోజంతా "పిన్నీ, పిన్నీ" అని గొంతు చించుకుంటుంటే వీధి వీధంతా ఆ పిలుపే అందుకుంది. ఇప్పుడు ఆమెకంటే పెద్దవాళ్లు కూడా "పిన్నీ, మా సోఫా కుంగిపోయింది, ఓసారి వచ్చి చూడవూ" అంటారు.

ఆ పిల్లే పెరిగి పెద్దదై ఈ స్టేషన్ మైకులో మాట్లాడుతోంది. మాటలు సరిగ్గా రాకముందే రైలు కూత కూసేదని పిన్ని దానికి చిలక అని పేరు పెట్టింది. ఉద్యోగంలో చేరాక స్టేషన్ వాళ్లకూ అదే పేరు అలవాటైపోయింది. కడుపుతో ఉంది, ఏడో నెల ఇంకా పడలేదు. ఈ నెల పరీక్షకు వెళ్లాల్సిన రోజున డ్యూటీ మారి వెళ్లలేకపోయింది. కాళ్లు వాచాయి. "తొలిచూలు కదా, వాపులు మామూలే" అన్నారు అందరూ. పిన్ని కూడా ఆ మాటే అంది.

ఆ మధ్యాహ్నం పిన్ని మోకాళ్ల మీద కూర్చుని, పళ్ల మధ్య దబ్బనం పట్టుకుని, బెంచీ అంచు లాగి బిగిస్తోంది. చేతులు పని చేస్తున్నా ఒక చెవి మాత్రం పైన స్పీకరు వైపే ఉంది. ఉత్తరం వైపు వెళ్లే బండి రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చిలక గొంతు చెప్పింది. జనం మూటలూ పెట్టెలూ ఎత్తుకుని వంతెన ఎక్కి అటు పరుగెత్తారు. బండేమో నాలుగో దాని మీదికి వచ్చింది. మళ్లీ ఉరుకులు పరుగులు. ఒక ముసలాయన మెట్ల మధ్యలో పెట్టె దించేసి, ఇక ఎక్కలేక అలాగే కూర్చుండిపోయాడు. సగంమందికి బండి అందలేదు. ఎక్కలేక మిగిలిపోయినవాళ్ల తిట్లు హాలు కప్పు దాకా లేచాయి.

పిన్ని నోట్లోంచి దబ్బనం తీసింది. ఆ మైకు ముందు కూర్చున్నప్పటినుంచీ ఆ పిల్ల నోట తప్పు మాట రాలేదు. సామాను అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

మైకు గది మరీ చిన్నది. ఒక వైపు గాజు కిటికీ, ఒక బల్ల, బండ్ల వేళలు చూపించే స్క్రీను. చిలక రెండు అరచేతులతో కళ్లు నొక్కుకుని కూర్చుని ఉంది. గుమ్మంలో స్టేషన్ మాస్టరు, ఎర్రబడ్డ మొహంతో.

"ఏమైందే?" అంది పిన్ని.

"తెలియట్లేదు పిన్నీ. పొద్దున్నుంచి తల పగిలిపోతోంది. అక్షరాల చుట్టూ మిణుగురులు తిరుగుతున్నట్టు ఉంది. ఏ వరస చదివానో నాకే తెలియలేదు."

పిన్ని ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చింది. చిలక చేతులు పక్కకు తీసి చూసింది. రెప్పలు ఉబ్బి ఉన్నాయి. పొద్దున తను చూసిన మొహం కాదది.

"ప్రయాణికులు నన్ను పీక్కు తింటున్నారమ్మా. ఈవిడ ఏం జరిగిందో రాసి ఇవ్వాలి" అన్నాడు మాస్టరు.

"రాతకోతలు తర్వాత బాబూ. ముందు దీన్ని కిందికి దించాలి, మీ కుర్చీ ఇప్పించండి. మీ బండ్లు రేపూ వస్తాయి. నా పిల్ల పోతే రాదు."

మాస్టరు గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. తన కుర్చీ తెప్పించి, దాంట్లో చిలకను కూర్చోబెట్టి, ఒక పక్క తనే పట్టుకుని మెట్లు దించాడు. టాక్సీ కూడా ఆయనే పిలిచాడు.

దారి పొడుగునా పిన్ని ఒక్క మాటా మాట్లాడలేదు. నోట్లో సూది ఉన్నా మాట ఆపని మనిషి అలా నోరు మూసుకుంటే చిలకకే భయమేసింది.

"నాకేం కాదులే పిన్నీ. ఒళ్లు చూడు, చల్లగానే ఉంది. జ్వరం లేదు" అంది.

జ్వరం. ఆ ఒక్క మాటే పిన్నికి ముల్లులా గుచ్చుకుంది.

చిలక తల్లి పిన్నికి సొంత అక్క. చిలక కడుపులో ఉండగా ఆమె కూడా ఒకనాడు వంటింటి తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతూ, "కళ్లముందు మిణుగురులు తిరుగుతున్నాయే" అని నవ్వింది. అప్పటికి పిన్ని ఇంకా కుట్టుపని నేర్చుకుంటున్న పిల్ల. "కాసేపు పడుకో, గిన్నెలు నేను కడుగుతాను" అంది. అక్క పడుకుంది. కాసేపటికి మంచం కిర్రుకిర్రుమని చప్పుడైతే వెళ్లి చూసింది. అక్క ఒళ్లంతా కొయ్యబారి కొట్టుకుంటోంది, నోటి వెంట నెత్తురు నురగ. గుర్రపువాతం, కాన్పు ముందు వచ్చే ఫిట్స్ అన్నారు. ఆస్పత్రికి చేర్చేలోపు మళ్లీ మళ్లీ వచ్చింది. పిల్లను బయటికి తీశారు. అక్క ఇక కళ్లు తెరవలేదు.

బావ పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ఒక మాట అన్నాడు. "పెద్దదయ్యాక ఇది నా వల్లే మా అమ్మ పోయిందనుకుంటుంది. ఇది పుట్టిన కొన్నాళ్లకు జ్వరమొచ్చి పోయిందని చెబుదాం." ఇద్దరూ ఆ మాట మీదే నిలబడ్డారు. బావ కూడా పోయాక ఆ అబద్ధానికి కాపలా పిన్ని ఒక్కతే మిగిలింది.

అబద్ధం ఊరికే కూర్చుంటుందా? చిలకకు చిన్ననాటినుంచీ జ్వరమంటే చచ్చేంత భయం. చినుకు పడితే బయటికి రాదు. గదికో థర్మామీటరు, చేతిసంచిలో ఒకటి. "మా ఇంట్లో చెంచాలు తక్కువ, థర్మామీటర్లు ఎక్కువ అత్తయ్యా" అని దాని మొగుడు వేళాకోళం చేసేవాడు. పిన్ని పైకి నవ్వేది.

ఆస్పత్రిలో నర్సు చిలక చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మళ్లీ చూసింది. లేచి గబగబా వెళ్లి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది. కళ్లజోడు తల మీదికి తోసుకుని, మాట మీద మాట వేగంగా మాట్లాడే మనిషి ఆవిడ. మూత్రం పరీక్షకు పంపింది, కడుపు మీద మిషన్ పెట్టి బిడ్డను చూసింది. ఈలోగా చిలక మొగుడు వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతులకు గ్రీజు అలాగే ఉంది.

"బీపీ చాలా ఎక్కువుంది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది" అంది డాక్టరమ్మ. "బిడ్డకు తిండీ గాలీ అందించేది మాయ. అది మొదట్లోనే లోపలికి గట్టిగా వేళ్లు దిగాలి. ఈ అమ్మాయికి సరిగ్గా దిగలేదు. రక్తం చాలక అది అల్లాడుతోంది. ఆ అల్లాటలో అది వదిలే విషం తల్లి రక్తంలో కలిసి బీపీ పెంచుతోంది, మూత్రపిండాలనూ కాలేయాన్నీ పాడుచేస్తోంది. బిడ్డ కూడా ఈ నెలకు ఉండాల్సినంత లేదు."

"మందు లేదాండీ?" అన్నాడు అల్లుడు.

"బీపీ తగ్గించడానికి ఉంది. ఫిట్స్ రాకుండా ఉంది. జబ్బు పోవాలంటే మాత్రం మాయ బయటికి రావాలి. అంటే కాన్పు కావాలి. వీలైనన్ని రోజులు ఆపి చూద్దాం." తర్వాత చిలక వైపు తిరిగింది. "మీ అమ్మగారికి కాన్పప్పుడు బీపీ ఏమైనా వచ్చిందా?"

"లేదండీ. మా అమ్మ జ్వరంతో పోయింది. అప్పటికి నేను పాలు తాగే పిల్లని. మొదటిసారి వచ్చినప్పుడూ అడిగారు, ఇదే చెప్పాను" అంది చిలక.

డాక్టరమ్మ బయటికి వెళ్లగానే పిన్ని వెనకే వరండాలోకి పరుగెత్తింది. గుక్క తిప్పుకోకుండా ఉన్నదంతా చెప్పేసింది.

డాక్టరమ్మ కళ్లజోడు కిందికి దించుకుని ఆమెను చూసింది. "మొదట్లోనే తెలిస్తే రోజూ ఒక చిన్న మాత్ర ఇచ్చేవాళ్లం. ఇంకా దగ్గరగా చూసుకునేవాళ్లం. ఇది అసలు వచ్చేదే కాదని అనలేనమ్మా. తప్పడానికి కాస్త అవకాశం ఉండేది."

"ఇప్పుడు చెప్పాను కదా. ఇప్పుడేమైనా..."

"ఇప్పుడు చేయాల్సింది ఎలాగైనా ఇదే. మిమ్మల్ని తిట్టి ప్రయోజనం లేదు. ఆ అమ్మాయికి మాత్రం మీరే చెప్పండి."

పిన్ని వరండా బెంచీ మీద కూలబడింది. కింద స్పాంజీ అణిగిపోయి చెక్క తగులుతోంది. ఎంత బాధలోనూ చేతులు వాటి పని అవి చేస్తాయేమో, ఆమె వేళ్లు ఊరికే ఆ చిరుగు అంచులు దగ్గరికి చేర్చి నొక్కుతూ ఉండిపోయాయి.

చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ కాదు రేపు, తలనొప్పి తగ్గాక, బీపీ దిగాక అనుకుంది. అబద్ధం మోసేవాళ్లకు వాయిదాలకు కొదవేమిటి! చిలకకు నరంలోకి మందు ఎక్కుతుంటే ఒళ్లంతా నిప్పులు పోసినట్టు మండిపోతోందని మూలిగేది. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి సూదులు వేశారు. చిలక పొట్ట మీద చెయ్యి వేసుకుని లోపలి బిడ్డతో గుసగుసలాడేది. "గట్టిగా పట్టుకో. ఇంకొన్నాళ్లు ఉందాం."

మూడో రోజు పొద్దున్నే డాక్టరమ్మ రక్త పరీక్షల కాగితాలతో వచ్చింది. మొహంలో తొందర కనిపించింది.

"కాలేయం దెబ్బతింటోంది. రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోతున్నాయి. ఇవాళే ఆపరేషన్ చేయాలి."

"వద్దు. ఇంకో వారం ఉండనివ్వండి" అంది చిలక.

"నీ ఒంట్లో వారం లేదమ్మా."

"బిడ్డ చాలా చిన్నదని మీరే అన్నారు కదా. నేను ఓర్చుకోగలను. తలనొప్పి కూడా తగ్గింది. నా ఒళ్లు నాకు తెలియదా?"

డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టే చెప్పింది, చిలక మాత్రం వినలేదు. అల్లుడు మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "నేను సంతకం పెడతానండీ" అన్నాడు నెమ్మదిగా. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆమె తెలివిలో ఉండగా ఆమె మాటే మాట. థియేటరు సిద్ధం చేయిస్తాను. ఈలోపు మాట్లాడుకోండి. ఎక్కువసేపు లేదు."

పిన్ని స్టూలు లాక్కుని మంచానికి దగ్గరగా కూర్చుంది.

"చిలకా, మీ అమ్మ జ్వరంతో పోలేదే."

చిలక తల తిప్పి చూసింది.

"నిన్ను కన్న రోజే పోయింది. ఇదే జబ్బు. కళ్లముందు మిణుగురులన్నది, నీలాగే. తలనొప్పన్నది. ఇంతలో ఫిట్స్ వచ్చాయి. నేను చూస్తూ ఉన్నాను. మీ నాన్నా నేనూ కలిసి నీకు జ్వరమని చెప్పాం."

మందు బుడ్డీలోంచి చుక్క తర్వాత చుక్క జారుతోంది.

"అంటే," అంది చిలక, పెదాలు తడుపుకుని, "నా వల్లే కదా. నేను పుట్టకపోతే అమ్మ ఉండేది."

"ఉండేది. కాదని అనను. ఒక్క అబద్ధం చాలు, దాని మీద ఇంకోటి పేర్చలేను. కానీ నువ్వు చంపలేదు తల్లీ. ఆ జబ్బు చంపింది. అక్క చేతికి పట్టీ చుట్టి చూసిన మనిషి ఒక్కరు లేరు. పడుకోమని చెప్పింది నేను. మాకెవరికీ తెలియదు. ఇవాళ తెలుసు. తెలిసి కూడా నిన్ను ఇలా పడుకోనిస్తే..." పిన్ని స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "నాకు అక్క దక్కలేదు. నువ్వు దక్కాలి. నా స్వార్థమే అనుకో."

"మరి నా బిడ్డ?"

"బతుకుతుందో లేదో నేను చెప్పలేను. నువ్వు లేకపోతే మాత్రం లోపల అదీ ఉండదు."

చిలక గోడ వైపు తిరిగింది. అటు తిరిగే మొగుణ్ణి పిలిచింది.

"డాక్టరు గారిని రమ్మను."

పిన్ని వైపు మాత్రం చూడలేదు. మంచాన్ని తోసుకుపోతున్నప్పుడు కూడా చూడలేదు.

ఆడపిల్ల పుట్టింది. పిల్లికూన గొంతుతో ఒక్క ఏడుపు ఏడ్చింది. గాజుపెట్టెలో పెట్టి తీసుకెళ్తుంటే పిన్ని చూసింది. దారపు ఉండలు నాలుగు కలిపితే అంతకంటే బరువు తూగుతాయేమో. వేళ్లకు గోళ్లు మాత్రం ఎంచక్కా ఉన్నాయి.

తర్వాత ఒక నర్సు మూత వేసిన పళ్లెంతో బయటికి వచ్చింది.

"అది మాయేనా?" అంది పిన్ని. "ఒక్కసారి చూపించమ్మా."

నర్సు వెనకే వస్తున్న డాక్టరమ్మ వైపు చూసింది. ఆవిడ పరీక్షగా పిన్ని మొహం చూసి మూత తీయించింది. ఎర్రగా నిండుగా ఉండాల్సింది టీ సాసరు కంటే కొంచెం పెద్దగా ఉంది, అంతే. అక్కడక్కడా పాలిపోయి గట్టిపడిన మచ్చలు.

"ఈ తెల్లగా ఉన్నదంతా చచ్చుబడిపోయింది. రక్తం అందలేదు. బాగున్న ఈ కాస్తతోనే బిడ్డకు ఇన్నాళ్లూ పెట్టింది" అంది డాక్టరమ్మ.

జబ్బంతా దానివల్లేనని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచి మాయ అన్న మాట వింటేనే పిన్నికి ఒళ్లు మండేది. దాన్ని ఎదురుగా చూస్తే తిట్టడానికి మాట రాలేదు.

"సగం చచ్చి కూడా పెడుతూనే ఉందన్నమాట" అంది.

"అవునమ్మా."

కాన్పు కాగానే గండం గడిచినట్టు కాదన్నారు. చిలక బీపీ ఒక పట్టాన దిగలేదు. కాస్త కూర్చోగలిగాక చక్రాల కుర్చీలో బిడ్డ దగ్గరికి తీసుకెళ్లారు. పెట్టెకున్న కంతలోంచి వేలు పెడితే ఆ పసిది పట్టుకుంది. చిలక మొహంలో అప్పుడొచ్చిన వెలుగు అల్లుడికి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుందట. పిన్ని అదంతా తలుపు అద్దంలోంచి చూసింది. లోపలికి రమ్మని చిలక పిలవలేదు, పిన్ని తనంతట తాను వెళ్లనూ లేదు.

బిడ్డ కొన్నాళ్లు పోరాడింది. ఒకనాడు పొట్ట ఉబ్బింది. మందులు పనిచేయలేదు. ఇక గొట్టాలు తీసేస్తామని చెప్పి, గుడ్డలో చుట్టి తల్లి గుండెల మీద పడుకోబెట్టారు. అల్లుడు తన గ్రీజు చేతిని ఎన్నిసార్లు కడుక్కున్నాడో, ఆ చెయ్యి పిల్ల వీపు మీద వేసి కూర్చున్నాడు. పొద్దెక్కేసరికి ఊపిరి ఆగింది.

చిలక ఇంటికి వెళ్లింది. పిన్నితో మాట లేదు. పిన్ని మిగిలిపోయిన బెంచీల పని పూర్తి చేయడానికి స్టేషన్‌కి వెళ్లింది. మైకులో ఎవరిదో కొత్త గొంతు. "చిలక ఎలా ఉంది పిన్నీ?" అని మాస్టరు అడిగితే తల ఊపింది, అంతే. దుకాణానికి వచ్చేవాళ్లు తమ సోఫాలు ఇంత మౌనంగా ఎన్నడూ తయారవలేదనుకున్నారు.

అల్లుడు మాత్రం వస్తూనే ఉండేవాడు. వచ్చినప్పుడల్లా ఒక కుర్చీ పట్టుకొచ్చేవాడు. కుర్చీలో ఏ లోపమూ ఉండేది కాదు. పిన్ని ఒక మేకు పీకి అదే మేకు మళ్లీ కొట్టేది. "అన్నం తింటోంది అత్తయ్యా. బీపీ మందు వేసుకుంటోంది. ఇకమీదట కడుపు వస్తే మొదటి రోజుల్లోనే రమ్మన్నారు, మాత్ర మొదలుపెడతారట. కడుపు వచ్చినా రాకపోయినా బీపీ మాత్రం జీవితాంతం చూపించుకుంటూ ఉండాలట" అనేవాడు. కుర్చీ ఎత్తుకుని వెళ్లిపోయేవాడు.

వాళ్లింట్లో కుర్చీలన్నీ అయిపోయాయేమో, ఒక మధ్యాహ్నం చిలకే వచ్చింది. చిక్కిపోయింది. వాపు దిగిన మొహంలో అక్క పోలికలు ఎన్నడూ లేనంతగా బయటపడుతున్నాయి. సగం కుట్టిన సోఫా మీద కూర్చుంది.

"నేను ఒప్పుకోకపోతే అది ఇంకో వారం లోపల ఉండేది కదా" అంది.

"ఉండదంది డాక్టరమ్మ. నువ్వూ ఉండవంది."

"నాకూ అదే చెప్పింది. అయినా నీ మీద కోపం పోవట్లేదు."

"పోవద్దులే. ఉండనీ. కోపంతోనే వచ్చి కూర్చో, నాకేం అభ్యంతరం?" పిన్ని దారం కొరికి తెంచింది. "కోపం దేనికి? ఆపరేషన్‌కా, జ్వరానికా?"

"ఆపరేషన్ నేనే ఒప్పుకున్నాను. దానికి నిన్నేమనను? జ్వరానికే. అమ్మ గురించి ఏం అడిగినా నువ్వు మాట దాటేసేదానివి. ఎలా ఉండేదో కూడా తెలియకుండానే పెరిగాను."

పిన్ని చేతులు ఆగిపోయాయి. నిజమే. అక్క మాట ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి తిరిగి ఆ మంచం దగ్గరికే చేరుతుందేమోనని అసలు మొదలే పెట్టలేదు. చావు ఒక్కటే దాచుదామనుకుంటే మనిషి మొత్తం మరుగున పడిపోయింది.

"ఇప్పుడు అడుగు" అంది.

"నవ్వేదా?"

"నవ్వేదా అంటావేమిటే! జోకు చెప్పడం మొదలుపెట్టి, సగంలోనే తను పగలబడి నవ్వేసేది. ఆఖరి దాకా విన్నవాళ్లు ఈ భూమ్మీద లేరు. మీ నాన్న అయితే, నవ్వడం అయ్యాక పిలువు, అని బయటికి వెళ్లి కూర్చునేవాడు."

చిలక పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది. అది నవ్వో ఏడుపో పిన్నికి తెలియలేదు.

"ఇంకా?"

పిన్ని చెప్పింది. కిటికీ తెరిచి ఉంచాలని అక్క, మూయాలని తాను, రోజూ జుట్టూ జుట్టూ పట్టుకోవడం. అక్క కుట్టిన గలేబులు దిండుకు పట్టకపోవడం. కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు ఆ కబురు దాచుకోలేక కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేసి, ఇంకా ఎవరికీ చెప్పకండని బతిమాలడం. బయట ఎవరో సోఫా గురించి అడగడానికి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి వెనక్కి వెళ్లిపోయారు.

చాలాసేపటి తర్వాత చిలక అంది, "నేను పుట్టిన రోజు కూడా చెప్పు. ఏదీ వదలకుండా."

పిన్ని సూది దిండుకు గుచ్చి పక్కన పెట్టింది. గిన్నెల దగ్గర మొదలుపెట్టి, మంచం చప్పుడు, టాక్సీ దొరక్క బావ రోడ్డుకు అడ్డంగా నిలబడడం, పసిగుడ్డును తన చేతుల్లో పెట్టినప్పుడు భయంతో వణికిపోవడం, అన్నీ చెప్పింది. చిలక ఎక్కడా ఆపలేదు. మధ్యలో ఒకసారి లేచి వచ్చి పిన్ని పక్కన నేల మీద కూర్చుంది. వింటూనే ఉంది.